ఎనిమిదిన్నర లీటర్ల పాలకు 19 పైసలు: పాల బిల్లు ప్రాజెక్టు డైరీ

పని ఏమిటి

చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో పాలు సేకరించే ఒక డెయిరీకి బిల్లు లెక్కల కోడ్ మార్చే పని మా చేతికి వచ్చింది. ఐరాల, తవణంపల్లె, యాదమరి వైపు ఉన్న కేంద్రాల్లో ఒక్కో చిన్న మెషిన్ ఉంటుంది. రైతు పాలు పోయగానే కొలత, ఫ్యాటు (వెన్న శాతం), ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న కాకుండా పాలలో ఉండే మిగతా ఘనపదార్థాల శాతం) చూసి అక్కడికక్కడే స్లిప్పు ఇస్తుంది. ఆ ఎంట్రీలు రాత్రికి చిత్తూరు ఆఫీసులోని సర్వర్‌కు చేరతాయి. పది రోజులకోసారి బిల్లు ఇక్కడ తయారై డబ్బు రైతుల ఖాతాల్లో పడుతుంది. మెషిన్‌లో డేటాబేస్ ఎస్‌క్యూలైట్, సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్.

గొడవంతా ఎక్కడంటే, ధర కట్టే కోడ్ రెండు చోట్లా వేరు. మెషిన్‌లో ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన సీ ప్రోగ్రామ్, సర్వర్‌లో డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్. స్లిప్పు మీద ₹356.64 ఉన్న పాలకు బిల్లులో ₹356.68 వస్తోంది. నాలుగు పైసలే కదా అని ఆఫీసులో ఎవరూ పట్టించుకోలేదు. తవణంపల్లె వైపు కేంద్రం నడిపే అక్క మాత్రం వదల్లేదు. "నాలుగు పైసలైనా నాలుగు రూపాయలైనా, స్లిప్పులో ఒకటి బిల్లులో ఇంకొకటి ఉంటే రైతు ముందర దొంగను నేనే కదా తమ్ముడూ" అంది. నిజానికి ఆ తేడా రైతుకు లాభంగానే ఉంది. అయినా ఆమె మాటే కరెక్టు. ఎక్కువొచ్చినా తక్కువొచ్చినా జవాబు చెప్పుకోవాల్సింది ఆమే.

అందుకని తేల్చుకున్నది ఇది: ధర లెక్క ఒకే ఒక్క సీ ఫైల్‌లో ఉండాలి. ఆ ఫైల్‌నే మెషిన్ కోసం ఒకసారి, పోస్ట్‌గ్రెస్‌కు తగిలించే ఎక్స్‌టెన్షన్‌గా ఇంకోసారి కంపైల్ చేయాలి. డబ్బంతా పైసల్లో, ఇంటీజర్లలోనే, అంటే పూర్ణ సంఖ్యల్లోనే. దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ టైప్ ఎక్కడా కనిపించకూడదు.

సర్వర్ ఒక్కటే ఉంటే ఇంత తంటా పడేవాణ్ణి కాదు. పోస్ట్‌గ్రెస్‌లో న్యూమరిక్ అనే టైప్ ఉంది. దశాంశాలు పోవు, ఇలాంటి గుణకారాలకు ఓవర్‌ఫ్లో (జవాబు దానికిచ్చిన చోట పట్టకపోవడం) బెడద ఉండదు, రెండు లైన్లలో పనైపోయేది. ఇది చదివి ఎవరైనా మామూలు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కు సీ ఎక్స్‌టెన్షన్ రాయడానికి బయల్దేరితే ఆ పాపం నాది కాదు.

సోమవారం: నాలుగు పైసలు ఎక్కడికి పోయాయి

ఒక ఉదాహరణ పెట్టుకుని మొదలుపెట్టాను. రేట్లు లెక్క కోసం అనుకున్నవి, డెయిరీ అసలు చార్టులోవి కావు. ఎనిమిదిన్నర లీటర్ల ఆవు పాలు, లీటరు 1.03 కిలోల లెక్కన గుణిస్తే 8,755 గ్రాములు. ఫ్యాటు 4.10 శాతం, దాన్ని 410గా దాచుకుంటాం. ఎస్‌ఎన్‌ఎఫ్ 8.40, అంటే 840. కిలో ఫ్యాటుకు ₹420, అంటే 42,000 పైసలు. కిలో ఎస్‌ఎన్‌ఎఫ్‌కు ₹280, అంటే 28,000 పైసలు.

గ్రాములను కిలోలు చేయడానికి వెయ్యితో, శాతాన్ని సరిచేయడానికి పదివేలతో భాగించాలి. మొత్తం కోటి. ఫ్యాటు భాగం 8,755 × 410 × 42,000 కడితే 15,076 కోట్ల 11 లక్షలు వస్తుంది. కోటితో భాగిస్తే 15,076 పైసలు, అంటే ₹150.76. చివరికి వచ్చేది నూటయాభై రూపాయలే. మధ్యలో మాత్రం పదిహేను వేల కోట్లు తాకి దిగాలి. 32 బిట్ల ఇంటీజర్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. మన సంఖ్య దానికి 70 రెట్లు.

పాత ప్రోగ్రామ్ రాసినాయన ఈ సంగతి తెలిసే రాశాడు. మొదటి గుణకారం కాగానే వెయ్యితో భాగించేశాడు. 35,89,550ని వెయ్యితో భాగిస్తే 3,589, మిగిలిన 550 గాలికి. తర్వాత 42,000తో గుణిస్తే 15 కోట్ల చిల్లర, హాయిగా 32 బిట్లలో పడుతుంది. కానీ జవాబు 15,073. మూడు పైసలు అక్కడ పోయాయి. ఎస్‌ఎన్‌ఎఫ్ వైపు ఇంకొకటి. స్లిప్పులో ₹356.64, సర్వర్‌లో ₹356.68 వస్తున్నది ఇందుకే. సర్వర్ కోడ్‌లో 1000.0తో భాగించారు. ఆ చుక్కా సున్నా వల్లే లెక్క మొత్తం న్యూమరిక్‌లోకి మారి సరిగ్గా వచ్చింది. తెలిసి పెట్టారో, అలవాటుగా వచ్చేసిందో.

ఆ తొందర భాగహారం తీసేసి, టైపులు అలాగే ఉంచి మెషిన్ బోర్డు మీద నడిపి చూశాను. ఫ్యాటు భాగం 43 పైసలు వచ్చింది. ఎస్‌ఎన్‌ఎఫ్ భాగం మైనస్ 24. కలిపితే ఎనిమిదిన్నర లీటర్ల పాలకు 19 పైసలు.

ఇందులో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఆ 43. చాలామంది ఓవర్‌ఫ్లో అయితే జవాబు మైనస్‌లోకి వెళ్తుందని, మైనస్ వచ్చిందో లేదో చూస్తే చాలని అనుకుంటారు. ఈ బోర్డు మీద 32 బిట్లలో పట్టని సంఖ్య మీటరు రీడింగులా చుట్టు తిరుగుతుంది, ఒక్కో చుట్టు 2 పవర్ 32. 15,076 కోట్ల 11 లక్షల్లోంచి దాన్ని 35 సార్లు తీసేస్తే 43,72,44,640 మిగులుతుంది. ప్లస్ సంఖ్యే, పరిధిలోనే ఉంది, చూడ్డానికి ఏ అనుమానమూ రాదు. కోటితో భాగిస్తే 43 పైసలు. ఎన్ని చుట్లు తిరిగి ఎక్కడ ఆగుతుందన్నది ఆ రోజు పాలను బట్టి ఉంటుంది. అందుకే జవాబు చూసి ఓవర్‌ఫ్లో పట్టుకోవడం కుదరదు. లెక్క జరిగే క్షణంలోనే పట్టుకోవాలి.

మంగళవారం

టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు సర్వర్ వైపు సరిచూసుకోవడానికి ఒక క్వెరీ రాశాడు. కాలమ్‌లన్నీ ఇంటీజర్, మూడింటినీ గుణించి, మొత్తానికి బ్రాకెట్ పెట్టి, బయట 64 బిట్ల టైప్ అయిన బిగ్‌ఇంట్‌కు క్యాస్ట్ చేశాడు, అంటే టైప్ మార్చాడు. పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోలేదు, 'ఇంటీజర్ అవుట్ ఆఫ్ రేంజ్' అంది.

"అన్నా, బిగ్‌ఇంట్ పెట్టినా అదే ఎర్రర్ వస్తోంది" అన్నాడు.

పెట్టాడు, కానీ బ్రాకెట్ బయట పెట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. పోస్ట్‌గ్రెస్‌లో ఇంటీజర్‌ను ఇంటీజర్‌తో గుణిస్తే జవాబూ ఇంటీజరే. అది పట్టక ఎర్రర్ వచ్చేసిన తర్వాత క్యాస్ట్ దగ్గరికి చేరేదెవరు? క్యాస్ట్ మొదటి సంఖ్యకే పెట్టాలి. గ్రాముల కాలమ్‌ను బిగ్‌ఇంట్ చేస్తే అక్కణ్ణుంచి వరసగా అన్నీ 64 బిట్లలో నడుస్తాయి. ఎడమ నుంచి కుడికి లెక్క నడుస్తుంది కాబట్టి చివరి సంఖ్యకు క్యాస్ట్ పెట్టినా ప్రమాదమే. ఒక రైతు పోసే పాలకు మొదటి గుణకారం 32 బిట్లలో పడుతుంది. ఇరవై వేల లీటర్ల ట్యాంకర్‌కు అదే పడదు.

ఇలాంటి చిక్కే ఇంకొకటి. పోస్ట్‌గ్రెస్‌లో మైనస్ 2147483648 రాసి, పక్కన రెండు కోలన్లు పెట్టి ఇంట్ అంటే ఎర్రర్ వస్తుంది. నిజానికి ఆ సంఖ్య 32 బిట్లలో పడుతుంది. కోలన్ల క్యాస్ట్ మైనస్ కంటే ముందు జరుగుతుంది కాబట్టి, అది ప్లస్ 2147483648ని ఇంటీజర్ చేయబోయి ఆగిపోతుంది. బ్రాకెట్ పెడితే సరిపోతుంది. టెస్టులు రాసేటప్పుడు ఇది కాసేపు విసిగిస్తుంది.

పనిలో పనిగా మిగతా డేటాబేస్‌లు ఏం చేస్తాయో కూడా రాసిపెట్టుకున్నాను, రేపు ఈ కోడ్ ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. మైఎస్‌క్యూఎల్‌లో ఇంట్‌ను ఇంట్‌తో గుణించినా లెక్క 64 బిట్లలోనే జరుగుతుంది, కాబట్టి ఈ క్వెరీ అక్కడ ఆగదు. కానీ స్ట్రిక్ట్ మోడ్ లేకపోతే, పట్టని సంఖ్యను ఇంట్ కాలమ్‌లో వేసినప్పుడు 2147483647 దగ్గర కత్తిరించి, ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకుంటుంది. 5.7 నుంచి స్ట్రిక్ట్ మోడ్ మొదటి నుంచే ఆన్‌లో ఉంటుంది, పాత సర్వర్లతోనే భయం. ఏ రిపోర్టులోనైనా 2147483647 కనిపిస్తే అది ఎవరి బాకీ కాదు, కత్తిరింపు అని గుర్తుపట్టాలి. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఇంట్ కాలమ్‌కు సమ్ కడితే జవాబూ ఇంటే, మొత్తం పెద్దదైతే ఎర్రర్. పోస్ట్‌గ్రెస్‌లో ఇంటీజర్ల సమ్ బిగ్‌ఇంట్ అవుతుంది, బిగ్‌ఇంట్‌ల సమ్ న్యూమరిక్ అవుతుంది, ఆ విషయంలో నిశ్చింత. ఎస్‌క్యూలైట్ దారే వేరు. కూడికలో గుణకారంలో 64 బిట్లు దాటితే నోరెత్తకుండా ఫ్లోట్‌కు మారిపోతుంది. సమ్ ఫంక్షన్‌లో దాటితే మాత్రం 'ఇంటీజర్ ఓవర్‌ఫ్లో' అని ఎర్రర్ ఇస్తుంది. ఒకే సాఫ్ట్‌వేర్‌లో రెండు నీతులు. మెషిన్‌లో ఉన్నది ఇదే కాబట్టి అక్కడ ఎస్‌క్యూఎల్‌తో గుణకారాలు చేయించడం పూర్తిగా మానేశాం. ఎస్‌క్యూలైట్ దాచిపెట్టడానికే, లెక్కంతా సీ ఫైల్‌లోనే.

గురువారం: మాయమైన చెక్

ఈ వారంలో అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

పాత ప్రోగ్రామ్‌లో దాణా బాకీలు కూడే చోట ఒక చెక్ ఉంది. రెండు సంఖ్యలు కూడి, వచ్చిన మొత్తం మొదటి సంఖ్య కంటే తక్కువైతే ఓవర్‌ఫ్లో అయినట్టు. చదవడానికి బాగానే ఉంది. కొత్త ఫైల్‌లోకి అలాగే తెచ్చి సర్వర్‌లో నడిపితే పట్టుకోవాల్సినప్పుడు పట్టుకుంది. అదే ఫైల్‌ను బోర్డు మీద నడిపితే పట్టుకోలేదు. మొత్తం మైనస్‌లోకి వెళ్లిపోయినా కిమ్మనలేదు.

ఒకే ఫైల్, ఒకే లైన్. తేడా కంపైలర్‌కు ఇచ్చిన ఆప్షన్లలో ఉంది. సీ భాష నియమం ప్రకారం సైన్డ్ (ప్లస్, మైనస్ రెండూ పట్టే) ఇంటీజర్ ఓవర్‌ఫ్లో అయితే ఏం జరగాలో నిర్వచనమే లేదు. కాబట్టి కంపైలర్ అది ఎప్పుడూ జరగదనే ధీమాతో కోడ్‌ను కుదిస్తుంది. ఏ ప్లస్ బీ అనేది ఏ కంటే తక్కువ కావాలంటే బీ మైనస్ అయి ఉండాలి అని తీర్మానించి, ఆ చెక్‌ను 'బీ సున్నా కంటే తక్కువా' అన్న ప్రశ్నగా మార్చేస్తుంది. మన బాకీలు ఎప్పుడూ ప్లస్సే, కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడూ 'కాదు'. చెక్ ఉన్నట్టే ఉంటుంది, పని చేయదు. పోస్ట్‌గ్రెస్‌ను మాత్రం ఎఫ్‌వ్రాప్‌వీ అనే ఆప్షన్‌తో బిల్డ్ చేస్తారు. ఆ ఆప్షన్ ఉంటే సైన్డ్ సంఖ్యలు కూడా చుట్టు తిరుగుతాయని కంపైలర్ ఒప్పుకుంటుంది. మన ఎక్స్‌టెన్షన్ అదే పద్ధతిలో బిల్డ్ అవుతుంది కాబట్టి ఆ ఆప్షన్ మనకూ వస్తుంది. బోర్డు బిల్డ్‌లో కోడ్‌ను కుదించి వేగం పెంచమనే ఓ2 ఆప్షన్ ఒక్కటే ఉంది.

బోర్డు బిల్డ్‌లో కూడా ఆ ఆప్షన్ పెట్టేస్తే పోదా అని కుర్రాడు అడిగాడు. పోతుంది, ఈ రోజుకు. రేపు ఇంకెవరో మేక్‌ఫైల్ (బిల్డ్ ఆప్షన్లు రాసి ఉండే ఫైల్) మార్చి ఆ పదం తీసేస్తే లెక్క మళ్ళీ తప్పుతుంది, ఎవరికీ తెలియదు కూడా. డబ్బు లెక్క మేక్‌ఫైల్‌లోని ఒక పదం మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు.

అందుకే కూడిక, తీసివేత, గుణకారం మూడింటికీ కంపైలర్ ఇచ్చే బిల్టిన్ ఓవర్‌ఫ్లో ఫంక్షన్లు వాడాను. జీసీసీలో 5వ వెర్షన్ నుంచి ఉన్నాయి, క్లాంగ్‌లోనూ ఉన్నాయి. రెండు సంఖ్యలు, జవాబు వేయాల్సిన చోటు ఇస్తే, లెక్క చేసి, పట్టిందో లేదో నిజం-అబద్ధంగా చెప్తాయి. చాలా ప్రాసెసర్లలో ఓవర్‌ఫ్లో జరిగిందని చెప్పే ఫ్లాగ్ ఎలాగూ ఉంటుంది, ఈ చెక్‌కు కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు అదనం, అంతే. స్పీడ్ తగ్గుతుందని బెంగ అక్కర్లేదు. పోస్ట్‌గ్రెస్ వాళ్ళు కూడా 11వ వెర్షన్ నుంచి ఇదే పద్ధతిలో పీజీ_మల్_ఎస్64_ఓవర్‌ఫ్లో లాంటి ఫంక్షన్లు ఒకే హెడర్‌లో పెట్టుకుని ఇంటీజర్ లెక్కలన్నిటికీ వాడుతున్నారు. సీ23 ప్రమాణంలో సీకేడీ_మల్ పేరుతో ఇవి భాషలోకే వచ్చేశాయి. మా బోర్డు కంపైలర్ అంత కొత్తది కాదు, బిల్టిన్‌తోనే సరిపెట్టుకున్నాను.

ఇంకొక చిక్కు కూడా దీనితోనే తీరింది. పాత కోడ్‌లో చాలాచోట్ల లాంగ్ అనే టైప్ ఉంది. 64 బిట్ల లినక్స్ సర్వర్‌లో అది 64 బిట్లు, మా 32 బిట్ల బోర్డులో 32. విండోస్‌లో అయితే 64 బిట్ల మెషిన్‌లో కూడా 32. ఎన్ని బిట్లో పేరులోనే ఉండే ఇంట్64_టీ తప్ప ఫైల్‌లో ఇంకేదీ ఉండకూడదని రూల్ పెట్టాం.

కూడాక చూసుకుందాం అనే చెక్ ఎంత పని చేస్తుందో తెలియాలంటే బిట్‌కాయిన్ చరిత్ర చూడాలి. 2010 ఆగస్టు 15న 74,638వ బ్లాక్‌లో ఒక లావాదేవీ పడింది. అందులో రెండు అవుట్‌పుట్‌లు, ఒక్కొక్కటి 9,223 కోట్ల బిట్‌కాయిన్లకు పైనే. మొత్తం మీద ఎప్పటికీ రెండు కోట్ల పది లక్షలకు మించి ఉండకూడని నాణేలవి. రెండు అవుట్‌పుట్‌లను కూడితే 64 బిట్లు దాటి మొత్తం మైనస్‌లోకి వెళ్ళింది. ఇచ్చింది తీసుకున్నదానికంటే ఎక్కువా అని చూసే చెక్‌కు అది చిన్న సంఖ్యగా కనిపించి దాటిపోయింది. కొన్ని గంటల్లోనే సరిచేసి, ఆ బ్లాక్ లేని గొలుసును ముందుకు తీసుకెళ్ళారు. పాల డెయిరీకి ఆ సౌకర్యం ఉండదు. ఖాతాలో పడిన డబ్బు వెనక్కి రప్పించడం ఎంత కష్టమో అకౌంట్స్ సార్‌ను అడిగితే చెప్తారు.

శుక్రవారం

పైసల రౌండింగ్. ఫ్యాటు భాగం, ఎస్‌ఎన్‌ఎఫ్ భాగం విడిగా రౌండ్ చేయకుండా రెండు పెద్ద సంఖ్యలను కూడి, చివర ఒక్కసారే కోటితో భాగిస్తున్నాం. మన ఉదాహరణలో 35,667.87 వచ్చి 35,668 పైసలుగా స్థిరపడుతుంది.

సగమో ఆపైనో అయితే పైకి అనే రూల్‌కు అందరూ చేసేది అరకోటి కలిపి భాగించడం. ఆ కలపడంలోనూ ఓవర్‌ఫ్లో అయ్యే వీలుంది, పైగా మైనస్ సంఖ్యలకు తప్పు దిక్కుకు లాగుతుంది. మైనస్ ఎందుకొస్తుందంటే, తప్పుగా కొట్టిన ఎంట్రీని రద్దు చేయడానికి అదే పాలను మైనస్‌లో వేస్తారు. ప్లస్ ఎంట్రీ 35,668 అయితే రద్దు ఎంట్రీ సరిగ్గా మైనస్ 35,668 కావాలి, లేకపోతే ఖాతాలో ఒక పైసా వేలాడుతుంది. అందుకే భాగఫలం, శేషం విడిగా తీసుకుని, శేషం సగమో అంతకంటే ఎక్కువో అయితే భాగఫలాన్ని సున్నాకు దూరంగా ఒకటి జరుపుతున్నాం. శేషాన్ని రెట్టింపు చేసి పోల్చకుండా, భాజకంలోంచి శేషం తీసేసి దానితో పోల్చాను. రెట్టింపు చేయడం కూడా గుణకారమే మరి.

ఆబ్సొల్యూట్ వాల్యూ ఫంక్షన్ వాడలేదు. 64 బిట్లలో అతి చిన్న మైనస్ సంఖ్యకు ప్లస్ జోడీ లేదు, దాని మీద ఆ ఫంక్షన్ పిలిస్తే మళ్ళీ ఆ నిర్వచనం లేని చోటికే వెళ్తాం. అదే సంఖ్యను మైనస్ ఒకటితో భాగిస్తే ఎక్స్86 ప్రాసెసర్ ప్రోగ్రామ్‌నే కూలదోస్తుంది. పోస్ట్‌గ్రెస్ భాగహారం కోడ్‌లో మైనస్ ఒకటికి విడిగా ఒక దారి పెట్టుకున్నది అందుకే. మాకు భాజకం ఎప్పుడూ కోటే కాబట్టి ఆ గొడవ లేదు.

ఆదివారం: పట్టనప్పుడు ఏం చేయాలి

ఓవర్‌ఫ్లో పట్టుకోవడం సులువే. పట్టుకున్నాక ఏం చేయాలన్నదాని మీద వాదన గంటసేపు సాగింది.

మూడు దారులు కనిపించాయి. పట్టే గరిష్ఠ సంఖ్య దగ్గర ఆపేయడం, నల్ (విలువ లేదు అనే గుర్తు) ఇవ్వడం, ఎర్రర్ ఇవ్వడం. మొదటిదాన్ని చర్చకు కూడా రానివ్వలేదు, అబద్ధపు మొత్తం బిల్లులోకి ఎక్కడం కంటే ఘోరం ఉండదు. కుర్రాడు నల్ వైపు నిలబడ్డాడు. "ఒక్క చెడ్డ ఎంట్రీ కోసం వేలమంది బిల్లు ఆగిపోతుంది కదన్నా, నల్ ఇస్తే మిగతావాళ్ళకైనా పడుతుంది" అని. మాట సబబుగానే ఉంది. కానీ ఎస్‌క్యూఎల్ సమ్‌లో నల్‌లను లెక్కలోకి తీసుకోరు. ఒక రైతుకు ఇరవై ఎంట్రీలు ఉండి అందులో ఒకటి నల్ అయితే, మిగతా పంతొమ్మిదింటి మొత్తం చక్కగా వస్తుంది, ఎక్కడా ఏ గుర్తూ ఉండదు. ఆ పూట పాలు ఏమయ్యాయో రైతు వచ్చి అడిగేదాకా తెలియదు.

చివరికి ఎర్రరే. పోస్ట్‌గ్రెస్ సొంత ఎర్రర్ కోడ్ 22003నే ఇస్తున్నాం, సందేశంలో మాత్రం గ్రాములు, ఫ్యాటు, రేటు ఎంతో కూడా చెప్తున్నాం. ఉత్త 'బిగ్‌ఇంట్ అవుట్ ఆఫ్ రేంజ్' చూసి ఆఫీసులో ఎవరు ఏం వెతుక్కుంటారు? మెషిన్‌లో అయితే స్లిప్పు రాదు, 'మళ్ళీ కొట్టండి' అని తెర మీద వస్తుంది.

కుర్రాడి భయానికి మందు వేరే చోట ఉంది. చెడ్డ ఎంట్రీ బిల్లు దాకా రాకూడదు. 64 బిట్లలో ఇరవై వేల లీటర్ల ట్యాంకర్‌కు కూడా ఫ్యాటు భాగంలో మధ్య సంఖ్య మూడున్నర కోట్ల కోట్లకు అటూ ఇటూ. గరిష్ఠం దానికి 26 వేల రెట్లు. అంటే మంచి డేటాతో ఓవర్‌ఫ్లో అసలు రానే రాదు. వస్తే డేటా చెడ్డదని అర్థం. అయితే చెడ్డ డేటా ప్రతిసారీ ఓవర్‌ఫ్లో తెప్పించదు, మనుషులు తికమకపడేది ఇక్కడే. గ్రాముల గడిలో పొరపాటున పది అంకెల సెల్ నంబర్ కొట్టినా మన గుణకారం 64 బిట్లలో శుభ్రంగా పడుతుంది. రైతుకు కోట్ల బిల్లు వస్తుంది, ఓవర్‌ఫ్లో చెక్ నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. అందుకే టేబుల్ మీదే హద్దులు పెట్టాం: ఒక పూట ఒక రైతు పాలకు ఇంత పైన కుదరదు, ఫ్యాటు 15 శాతం దాటకూడదు, రేటు ఈ పరిధిలోనే ఉండాలి. రద్దు ఎంట్రీకి మైనస్ హద్దు విడిగా.

సోమవారం: అన్‌సైన్డ్ కథ

పాత ప్రోగ్రామ్‌లో నికర మొత్తం అన్‌సైన్డ్‌గా, అంటే మైనస్ పట్టని టైప్‌లో ఉంది. డబ్బు మైనస్ ఉండదు కదా అనుకుని ఉంటారు. పాల డబ్బు ₹500, దాణా బాకీ ₹620 అయితే? టెస్ట్ కాపీలో వేసి చూస్తే రైతుకు రావాల్సింది ₹4,29,49,552.96 అని వచ్చింది. ఆఫీసులో అందరూ నవ్వారు, అకౌంట్స్ సార్ తప్ప. ఇన్నాళ్ళూ ఇది బయటపడకపోవడానికి కారణం, బాకీ ఎక్కువున్న రైతుల బిల్లులు ఆయన చేత్తో వేరుగా కట్టడమే. ఎందుకలా చేస్తున్నారో ఆయనకూ గుర్తులేదు, ముందున్నాయన అలా చేయమన్నాడట.

ఇప్పుడు అంతా సైన్డ్ 64 బిట్లు. పైసల్లో 32 బిట్లకు గరిష్ఠం ₹2,14,74,836.47. ఒక పల్లె కేంద్రం పది రోజుల బిల్లు దాన్ని తాకదు. రోజుకు లక్ష లీటర్లు, లీటరు ₹42 లెక్కన చూస్తే మొత్తం డెయిరీ బిల్లు ఆరో రోజే దాటేస్తుంది.

అన్నీ మార్చేయాలన్న ఉత్సాహం కూడా మంచిది కాదు. ఎంట్రీ నంబర్ కాలమ్ 32 బిట్లే. నలభై వేలమంది రోజుకు రెండు పూటలు పోసినా ఏడాదికి రెండు కోట్ల తొంభై రెండు లక్షల నంబర్లు, 73 ఏళ్ళు వస్తాయి. ముట్టుకోలేదు.

బుధవారం: టెస్టులు

పోస్ట్‌గ్రెస్‌లోనే న్యూమరిక్‌తో అదే లెక్క కట్టి, మా ఫంక్షన్ జవాబుతో పోల్చే క్వెరీ రాశాం. న్యూమరిక్ రౌండింగ్ కూడా సగాన్ని సున్నాకు దూరంగా జరుపుతుంది కాబట్టి రెండూ అక్షరాలా ఒకటే రావాలి. యాదృచ్ఛిక సంఖ్యలు రాత్రంతా పోశాం. అంతకంటే పనికొచ్చినవి అంచు సంఖ్యలు: సున్నా, ఒకటి, మైనస్ ఒకటి, 32 బిట్ల రెండు కొసలు, 64 బిట్ల రెండు కొసలు, వాటికి ఒకటి అటూ ఇటూ, సరిగ్గా అరపైసా దగ్గర ఆగేవి.

ఒక జాగ్రత్త. జీసీసీలో ఓవర్‌ఫ్లోలు పట్టే శానిటైజర్‌ను ఎఫ్‌వ్రాప్‌వీ ఉన్న బిల్డ్ మీద నడిపితే ఏమీ దొరకదు. చుట్టు తిరగడం సమ్మతమే అని మనమే చెప్పాం కాబట్టి అది తప్పుగా లెక్కపెట్టదు. సర్వర్ బిల్డ్‌లో 'అంతా క్లీన్' అని వస్తే సంబరపడకూడదు. బోర్డు బిల్డ్ ఆప్షన్లతో విడిగా నడిపాం. పాత బాకీల కోడ్‌లో ఇంకా మిగిలిన ఒక ఉత్త కూడిక అప్పుడు దొరికింది, దాన్నీ మార్చేశాం.

శనివారం: ఎక్కించడం

ఇంటీజర్ కాలమ్‌ను బిగ్‌ఇంట్ చేస్తే పోస్ట్‌గ్రెస్ టేబుల్ మొత్తాన్నీ తిరగరాస్తుంది, అంతసేపూ ఎవరినీ చదవనివ్వదు కూడా. కేంద్రాలు పొద్దునా సాయంత్రమూ నడుస్తాయి. మధ్యాహ్నం దొరికే ఖాళీలో పాత ఎంట్రీలన్నీ తిరగరాయడం కుదరదనిపించి, పక్కన కొత్త బిగ్‌ఇంట్ కాలమ్ పెట్టి కొద్దికొద్దిగా నింపుతున్నాం. హద్దుల చెక్‌లను ముందు నాట్ వ్యాలిడ్ అని పెట్టాం. అలా పెడితే కొత్త ఎంట్రీలకు వెంటనే వర్తిస్తాయి, పాతవాటిని తర్వాత తీరిగ్గా సరిచూసుకోవచ్చు. సరిచూస్తుంటే ఫ్యాటు 41.0 శాతం ఉన్న ఎంట్రీలు కొన్ని దొరికాయి, చుక్క ఒక స్థానం జరిగినవి. వాటి బిల్లులను అప్పట్లో చేత్తో సరిచేశారట. డేటా మాత్రం అలాగే ఉండిపోయింది, ఇప్పుడు ఒక్కొక్కటీ అకౌంట్స్ సార్ సంతకంతో మారుస్తున్నాం.

తవణంపల్లె వైపు కేంద్రంలో కొత్త బిల్డ్ మొదట ఎక్కించాం. స్లిప్పులూ సర్వర్ లెక్కలూ పైసాతో సహా ఒకటే వస్తున్నాయి. అక్క మొదటి పూట ప్రతి స్లిప్పునూ ఫోన్ క్యాలిక్యులేటర్‌లో కొట్టి చూసిందట. "ఇప్పుడు బాగుంది, కానీ రేట్ చార్టు మారినప్పుడు మళ్ళీ చూస్తా" అని చెప్పి పంపింది.

బోర్డులో తారీఖు 32 బిట్ల సెకన్లలో ఉందని ఈ పనిలోనే గమనించాం. 2038 జనవరి 19న మన టైమ్ ప్రకారం పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు అది నిండిపోతుంది. అప్పటికి ఈ బోర్డులు ఉండవని డెయిరీ వాళ్ళు అంటున్నారు. ఆ పాత ప్రోగ్రామ్ రాసినాయనకు కూడా ఎవరో అలాగే చెప్పి ఉంటారు, కాబట్టి టికెట్ తెరిచి ఉంచాను. ఐరాల, యాదమరి మెషిన్లకు వచ్చే బిల్లు ముగిశాక కొత్త బిల్డ్ వెళ్తుంది. వాటి ఎంట్రీలు ఒక పది రోజుల బిల్లు దాటేదాకా పాత కాలమ్ తీసేయడం లేదు.